పాటల చావడి: కవర్ పాటలని తీసిపారేయకండి

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి, డిగ్రీ రెండో ఏడు. 2002లో వచ్చిన 'స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్' అనే డాక్యుమెంటరీ సినిమా పాటలు ఈ మధ్య తెగ వింటున్నాను. 1960ల నాటి అమెరికా సోల్ పాటల్ని, అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాటల్ని, తర్వాతి తరం సింగర్లు మళ్లీ పాడారు. మా చిన్నాన్నకి పాత పాటలంటే ప్రాణం. ఒకటి రెండు విని, "అసలు పాట ఉండగా ఈ ఆర్కెస్ట్రా పాటలేటి బాబూ" అనేశాడు. అప్పట్నుంచి నాకూ డౌటే. ఇవి వినడం టైమ్ వేస్టా?

జవాబు: తమ్ముడూ, మీ చిన్నాన్న తిట్టుగా వాడిన ఆ ఆర్కెస్ట్రాతోనే నేను బరంపురంలో పద్నాలుగేళ్లు అన్నం తిన్నాను. ఇక్కడ ఒడియావాళ్లు దాన్ని మెలోడీ అంటారు, మనం ఆర్కెస్ట్రా అంటాం, స్టేజీ ఒకటే, లేటుగా వచ్చే డబ్బులూ ఒకటే. కాబట్టి నా జవాబులో కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మామూలుగా కవర్ అంటే పాట ఒకరిది, పాడేది ఇంకొకరు, వాయించేది కూడా ఇంకెవరో. ఈ సినిమాలో లెక్క తిరగబడింది. గొంతులు కొత్తవి, వెనక వాయించేవాళ్లు మాత్రం పాతవాళ్లే. అమెరికాలోని డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టిన రికార్డుల కంపెనీ మోటౌన్. ఓ మామూలు ఇంట్లో స్టూడియో, దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు పాముల గుంట. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, ఎవరు పాడినా వెనక వాయించింది దాదాపు ఒకే గుంపు. వాళ్లని ఫంక్ బ్రదర్స్ అంటారు. రికార్డు కవర్ల మీద వాళ్ల పేర్లు ఉండేవి కావు, 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద గానీ పడలేదు. పన్నెండేళ్లు, తమ్ముడూ! ఆ పన్నెండేళ్లలో ప్రపంచమంతా ఆ చేతుల చప్పుడుకి డాన్స్ చేసింది.

సినిమాలో గిటారిస్టు రాబర్ట్ వైట్ గురించి ఓ ముచ్చట చెబుతారు. 'మై గర్ల్' పాట మొదట్లో గిటార్ మెట్లెక్కుతున్నట్టు వస్తుంది చూడు, అది ఆయన వాయించిందే. ముసలితనంలో ఓ హోటల్లో కూర్చుని ఉంటే అదే పాట మోగింది. సర్వర్ వచ్చాడు. "అది వాయించింది నేనే" అని చెప్పబోయి ఆగిపోయాడట, ఈ ముసలాడికి మతి చలించిందనుకుంటాడని. నేను ఆ ముక్క దగ్గర సినిమా ఆపేసి కాసేపు వరండాలోకి పోయాను. ఎందుకంటే ఓసారి మా పెళ్లి ప్రోగ్రామ్‌ని ఎవరో రికార్డు చేసి సీడీలు వేసి అమ్మారు, అట్ట మీద సింగర్ ఫొటో ఉంది, పెళ్లికొడుకు ఫొటో కూడా ఉంది, మా ఏడుగురి పేర్లు మాత్రం లేవు. ఓ టీ కొట్టులో అది మోగుతుంటే నా ఎడమ చెయ్యి నేను గుర్తుపట్టాను. కొట్టువాడికి చెప్పలేదు. పకోడీ తిని వచ్చేశాను.

బాస్, అంటే అడుగు స్వరాల గిటార్, వాయించిన జేమ్స్ జేమర్సన్ కథ ఇంకా దారుణం. ఆయన తీగల్ని మీటేది కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే, అందుకే ఆ వేలికి హుక్ అని పేరు పెట్టారు. పాట కింద ఇంకో పాట పాడుతున్నట్టుంటుంది ఆయన బాస్. 1983లో మోటౌన్ పాతికేళ్ల పండగ ప్రోగ్రామ్‌కి ఆయన బ్లాక్‌లో టికెట్ కొనుక్కుని వెళ్లి ఎక్కడో వెనక కూర్చున్నాడట. అదే ఏడు పోయాడు. కాబట్టి సౌండ్‌ట్రాక్‌లో బాస్ ఆయనది కాదు, బాబ్ బాబిట్‌ది. బాబిట్ కూడా ఆ స్టూడియో మనిషే. డ్రమ్ములకి ఊరియల్ జోన్స్, పిస్టల్ ఆలెన్, టాంబురీన్‌కి జాక్ ఆష్‌ఫర్డ్, గిటార్లకి ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా. అందరూ పాతకాపులే. ఆలెన్ అయితే సినిమా రిలీజ్ చూడకుండానే పోయాడు.

ఇప్పుడు మీ చిన్నాన్నని అడుగు, అసలు పాటంటే ఏది? గొంతా, చేతులా? ఆయన గొంతే అంటారు, మనలో నూటికి తొంభై మంది అంతే. ఓ పని చెయ్యి. జిమ్మీ రఫిన్ 1966లో పాడిన 'వాట్ బికమ్స్ ఆఫ్ ద బ్రోకెన్‌హార్టెడ్' ఒకసారి పెట్టు, వెంటనే సౌండ్‌ట్రాక్‌లో జోన్ ఆస్బర్న్ పాడింది పెట్టు. రఫిన్ పాటలో మనిషి దుఃఖంలో నిలబడి ఉంటాడు, ఈవిడ మాత్రం మెల్లగా మొదలుపెట్టి చివరికొచ్చేసరికి పిడికిలి బిగించేస్తుంది. నాకైతే ఈవిడదే ఎక్కువ నచ్చింది, పాత పాటల అభిమానులు తిట్టుకుంటే తిట్టుకోనీ. చాకా ఖాన్ పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్'కి 2003లో గ్రామీ అవార్డు వచ్చింది, సౌండ్‌ట్రాక్‌కి ఇంకో గ్రామీ. జెరాల్డ్ లెవర్ట్ 'రీచ్ ఔట్' చెవులు గింగిర్లెత్తేలా పాడాడు, బాగుంది. బెన్ హార్పర్ 'గ్రేప్‌వైన్' మాత్రం నాకు పెద్దగా ఎక్కలేదు, మార్విన్ గే పాడాక ఆ పాట జోలికి ఎవరెళ్లినా కష్టమే. అన్నీ బాగున్నాయని నేను అనను. టైమ్ వేస్ట్ మాత్రం కాదు.

ప్రశ్న: సార్, బరంపురంలోనే ఓ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. రిథమ్ ప్యాడ్‌లో ఫంక్ స్టైల్ పెట్టినా చప్పగానే ఉంటోంది. ఆ ఊపు ఎందుకు రావట్లేదు?

జవాబు: ఎందుకంటే మనందరం అన్నీ వాయించేస్తాం బాబూ. సందు దొరికితే చాలు దూరిపోవడమే. మోటౌన్‌లో ఒక్కో పాటకి ముగ్గురు గిటారిస్టులు కూర్చునేవారు, అయినా గజిబిజి ఉండదు. మెస్సీనా ఎక్కువగా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చిక్, చిక్ అని కొట్టి ఊరుకునేవాడు. పాట మొత్తం అంతే! మీ గిటారిస్టుని రేపు అలా వాయించమని చూడండి, రెండో చరణానికే అలుగుతాడు.

అసలు ఫంక్ అంటే అమెరికా సింగర్ జేమ్స్ బ్రౌన్ పద్ధతి, మొదటి దెబ్బ మీద అందరూ కలిసి బరువు వెయ్యాలి. మన తాళంలో సమం అంటామే, అక్కడ. మిగతాది ఎవరిష్టం వాళ్లది, కానీ సమానికి ఇంటికి రావాలి. ఈ సౌండ్‌ట్రాక్‌లో పాడిన బూట్సీ కాలిన్స్ కుర్రతనంలో బ్రౌన్ దగ్గర బాస్ వాయించి ఆ పాఠం నేర్చుకున్నవాడే. రెండేళ్లకోసారి మన ఊళ్లో ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా, అప్పుడు పులివేషాల వెనక వాయించేవాళ్లని చూడండి. కళ్లు వాయిద్యం మీద ఉండవు, వేషగాడి పాదాల మీద ఉంటాయి. ప్యాడ్ కట్టేసి వారం రోజులు ఎడమ చేత్తో బాస్ మాత్రమే వాయించండి, డ్రమ్మరు కాలు చూస్తూ. బోరు కొడుతుంది. కొట్టనీండి.

ప్రశ్న: మాది రాయగడ. మా పిల్లలు ఈ పాటలు పెడుతుంటే కాళ్లు ఊగుతాయి గానీ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకుండా వినడం తప్పా తమ్ముడూ?

జవాబు: అక్కా, సంతలో కువి భాష రాకుండానే పసుపు బేరం ఆడతారు కదా, ఇదీ అంతే. కాళ్లు ఊగాయంటే సగం అర్థమైనట్టే. 'మై గర్ల్'తో మొదలెట్టండి, 1964 పాట. ముందు బాస్ ఒక్కటే వస్తుంది, తర్వాత నేను పైన చెప్పిన గిటార్. పాడేవాళ్లు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకండి.

ప్రశ్న: అన్నా, ఇలాంటి పాత సోల్ పాటలతో ఇంకో సినిమా ఏదైనా చెప్పండి. (గుణుపురం నుంచి)

జవాబు: 'ద కమిట్‌మెంట్స్', 1991, డైరెక్టరు ఆలన్ పార్కర్. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో చేతిలో పైసా లేని కుర్రాళ్లు సోల్ బ్యాండ్ పెడతారు. మెయిన్ సింగర్‌గా చేసిన ఆండ్రూ స్ట్రాంగ్‌కి అప్పుడు పదహారేళ్లు, గొంతు వింటే యాభై ఏళ్లవాడనుకుంటాం. 'మస్టాంగ్ శాలీ' వినండి. బూతులు ఎక్కువ, ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు చూడండి. కథ చెప్పేశాడని తిట్టుకోకండి గానీ, చివరికి ఆ బ్యాండ్ కొట్టుకుని విడిపోతుంది. మాదీ అంతే, కాకపోతే మా గొడవ భోజనాల బంతిలో, ఎవరి విస్తట్లో అప్పడం తగ్గిందన్నదాని మీద మొదలైంది.