‘విధి బాగుండి’ అనొచ్చా?

మీ కథలో ‘ఆమె విధి బాగుండి ఆ బస్సు తప్పిపోయింది’ అన్న వాక్యం ఎందుకో కుదరట్లేదని, విధి, అదృష్టం, తలరాత ఒకటే కదా అని అడిగారు. మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. అక్కడ ‘అదృష్టం బాగుండి’ అని మార్చండి, సరిపోతుంది.

కారణం ఇది. తెలుగులో విధిని మనం ఎక్కువగా బయట నుంచి వచ్చి ఏదో చేసే శక్తిగా వాడతాం. విధి వెక్కిరించింది, విధి విడదీసింది అంటాం. దానికి బాగుండటం, బాగోకపోవడం అంతగా అతకవు. పైగా ‘నా విధి’ అనగానే చాలామందికి కర్తవ్యం అన్న అర్థమే ముందు తడుతుంది, ‘విధి నిర్వహణ’లో ఉన్నది అదే.

అదృష్టం అలా కాదు, అది మనిషికి సొంతం. సంస్కృతంలో ఆ మాటకు ‘కనిపించనిది’ అని అర్థం. మంచికైనా చెడుకైనా చెల్లాలి, కానీ తెలుగులో మంచివైపే స్థిరపడింది. చెడుకి ‘దురదృష్టం’ అంటాం. నాకు ఈ మార్పు చాలా ఇష్టం.

తలరాత కూడా మనిషిదే, బ్రహ్మ నుదుట రాశాడన్న నమ్మకం నుంచి వచ్చింది. మామూలుగా నిట్టూర్పుతోనే వస్తుంది, కాబట్టి మీ కథలో తల్లి ఏడుస్తూ చెప్పే మాటకి దాన్ని ఉంచండి. ‘ఖర్మ’ మాత్రం అక్కడ వద్దు, అందులో విసుగు ఎక్కువ, దుఃఖం తక్కువ.

ఆఖరి వాక్యంలో ‘ప్రాప్తం లేదు’ అని మీరు రాసింది చాలా బాగుంది, ముట్టుకోకండి.