ఎ.ఎల్.ఎస్. వచ్చిన నాన్నకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇవ్వవచ్చా?

మీ నాన్నగారికి ఎ.ఎల్.ఎస్. (కండరాలను ఆడించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అని తేలింది, షుగర్ లేదు. అయినా అమెరికాలో ఈ జబ్బుకు మెట్‌ఫార్మిన్ పరీక్షిస్తున్నారట, ఎలాగూ చవక మందే కదా, మొదలుపెట్టేద్దామా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా చిన్నాన్నకు ఇదే జబ్బు వస్తే తెనాలిలో ఇంట్లో పెట్టుకుని చూసుకున్నవాణ్ని. నా మటుకు నేను చెప్పేది, మీ అంతట మీరు మొదలుపెట్టకండి. చవక అన్న కారణంతో అసలే వద్దు.

మీరు చదివిన వార్త అబద్ధమేమీ కాదు. ఎ.ఎల్.ఎస్. రోగుల్లో కొందరికి సి9ఓఆర్ఎఫ్72 అనే జన్యువులో ఒక చిన్న ముక్క వందల సార్లు రిపీట్ అయి ఉంటుంది. దానివల్ల కణాల్లో చెడ్డ ప్రోటీన్లు పేరుకుపోతాయి. మెట్‌ఫార్మిన్ ఇస్తే ఆ ప్రోటీన్లు తగ్గుతున్నాయని ఫ్లోరిడా యూనివర్సిటీలో లారా రానమ్ బృందం 2020లో ఎలుకల్లో చూపించింది. మనుషుల మీద చిన్న ట్రయల్ కూడా పెట్టారు, అయితే ఆ జన్యు మార్పు ఉన్నవాళ్ల మీద మాత్రమే. మన దేశపు రోగుల్లో ఆ మార్పు యూరప్ వాళ్లలో కన్నా బాగా తక్కువ. నాన్నగారికి జన్యు పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఆ వార్త ఆయనకు వర్తిస్తుందో లేదో కూడా మనకు తెలియదన్నమాట.

వార్తల్లో పెద్దగా రాని ఇంకో సంగతి ఉంది. ఎస్ఓడీ1 అనే వేరే జన్యువు మార్చిన ఎలుకలకు ఇదే మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూస్తే ఏ మేలూ జరగలేదు, పైగా ఆడ ఎలుకలకు కీడే జరిగింది. 2011లోనే అచ్చయిన ఫలితం అది. జబ్బు పేరు ఒకటే అయినా లోపలి కారణం మారితే మందు తీరు కూడా మారిపోతోంది.

మా ఇంట్లోనూ ఈ చర్చ జరిగింది. పిన్నికి షుగర్. ఆవిడ మాత్రల డబ్బా ఫ్రిజ్ మీదే ఉంటుంది, అందులో మెట్‌ఫార్మిన్, పియోగ్లిటాజోన్ రెండూ ఉండేవి. చెయ్యి చాపితే అందే మందు, ఒకటి చిన్నాన్నకూ వేస్తే పోయేదేముంది అని బంధువులు. హైదరాబాద్‌లో న్యూరాలజిస్టును అడిగితే ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. పియోగ్లిటాజోన్ కథ ఓపిగ్గా చెప్పారు. ఆ మందు కూడా ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. దాంతో జర్మనీలో 219 మంది ఎ.ఎల్.ఎస్. రోగులను తీసుకుని, అందరికీ ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే రిలుజోల్ ఇస్తూనే, కొందరికి పియోగ్లిటాజోన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చారు. మందు వాడినవాళ్లు అదనంగా బతికిందేమీ లేదు. కొనసాగించి లాభం లేదని ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న, "నెలలో ఎంత బరువు తగ్గారు?" అని. మాలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఈ జబ్బులో బరువు ఎంత త్వరగా తగ్గితే అంత ప్రమాదమట. కండ కరగడం ఒకటైతే, చాలామందిలో ఒళ్లు కూర్చున్నచోటే మామూలు కన్నా ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలుపెడితే చాలామందికి ఆకలి మందగిస్తుంది, విరేచనాలు అవుతాయి. అసలే ముద్ద మింగడానికి కష్టపడే మనిషికి అది చేతులారా ఇవ్వడమెందుకు? షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే, ఇప్పుడు అందరి నోటా నానుతున్న సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లతో ఈ భయం ఇంకా ఎక్కువ. వాటికి అన్నయ్య లాంటి ఎక్సెనటైడ్ 2017లో 62 మంది పార్కిన్సన్స్ రోగుల్లో ఆశ పుట్టించింది. 194 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ఏ మేలూ కనిపించలేదని 2025లో తేలింది.

ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం బరువు చూసేవాళ్లం. చిన్నాన్న నిలబడలేని స్థితి వచ్చాక మా తమ్ముడు ఆయన్ని ఎత్తుకుని మిషన్ ఎక్కేవాడు, తర్వాత తనొక్కడే ఎక్కేవాడు. తీసివేసి గోడ మీది క్యాలెండర్‌లో రాసేవాళ్లం. నీళ్లు తాగితే పొలమారేది కానీ గట్టి పెరుగు, సపోటా గుజ్జు, నెయ్యి ఎక్కువేసి మెత్తగా మెదిపిన పప్పన్నం దిగేవి. ఆహారం ఇవ్వడానికి పొట్టకు ట్యూబ్ వేయాలంటే సంక్రాంతి వెళ్లాక చూద్దాంలే అన్నారాయన. ఊపిరి బలం సగానికి పడిపోకముందే వేయించుకుంటే రిస్క్ తక్కువని డాక్టర్ పట్టుబట్టి ఒప్పించారు. రిలుజోల్ మాత్రం ఆపలేదు. అది ట్రయల్స్‌లో ఆయుష్షు పెంచింది సుమారు రెండు మూడు నెలలే, అయినా పరీక్షకు నిలిచిన మందు. లివర్ టెస్టులు చేయిస్తుండాలి.

ట్రయల్‌లో చేర్పించాలని ఉంటే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడిపే, మన దేశపు ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొట్టి వెతకండి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ట్రయల్‌లో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. దానివల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి రూల్స్ చెబుతున్నాయి. మాకు ఒకచోట నుంచి ఫోన్ వచ్చింది, స్టెమ్ సెల్ ట్రయల్ అట, లక్షల్లో ప్యాకేజీ అట. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగేసరికి లైన్ కట్.

ఒకవేళ నాన్నగారికి ముందునుంచీ షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతూ ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. అలాంటివాళ్లు ఎవరైనా ఇది చదివి మందు మానేయకండి, డాక్టరునే అడగండి. ఈసారి న్యూరాలజిస్టును కలిసినప్పుడు జన్యు పరీక్ష అవసరమా, ఊపిరి పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలి అని అడగండి. వెళ్లేలోపు ఒకటి రెండు సార్లు బరువు చూసి రాసి పెట్టుకోండి. మింగడం ఎలా ఉందో ఇక్కడ రాస్తే పిన్ని ఏమేం వండి పెట్టేదో అడిగి చెప్తాను.