ముఖానికి లోతునిచ్చేది నీడే

ప్రశ్న: స్టూడియోలో మోడల్ పోర్ట్రెయిట్లు తీయడం నేర్చుకుంటున్నాను. ముందూ, రెండు పక్కలా మూడు లైట్లు పెట్టినా ముఖం చదునుగా వస్తోంది. కారణమేమిటి?

జవాబు: ఒక లైటు వేసిన నీడను మరొకటి చెరిపేస్తోంది. రెండింటిని ఆర్పి, సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే తెల్లని గుడ్డ పెట్టె) తొడిగిన ఒక్క లైటును ముఖానికి సుమారు 45 డిగ్రీలు పక్కగా, కంటి మట్టానికి పైన ఉంచి, నీడపడిన చెంపపై కంటి కింద చిన్న వెలుగు త్రికోణం ఏర్పడేవరకు మెల్లగా జరపండి. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే పద్ధతి ఇదే. లైటు దగ్గరయ్యేకొద్దీ నీడ అంచులు మెత్తబడతాయి. నీడ మరీ చిక్కనైతే ఎదురు పక్కన తెల్లని థర్మాకోల్ అట్ట నిలపండి. నేర్చుకునేవారికి రెండో లైటు కన్నా అదే మేలని నా గట్టి అభిప్రాయం. ఇది చేతికి వచ్చాకే మరో లైటును వెనుకనుంచి జుట్టుపైకి తిప్పండి.