బాణం గుర్తు పెట్టినా ప్రోగ్రామ్ కదలట్లేదు

ప్రశ్న: మాది అంబాజీపేట. నాన్నగారి కొబ్బరి కొట్టులో పాత సీ ప్రోగ్రామ్ ఒకటుంది. కాయలు, రేటు కొడితే పట్టీ (సరుకు బిల్లు) లెక్క కట్టి తెర మీద చూపిస్తుంది. టెర్మినల్‌లో '<' పెట్టి లెక్కల ఫైలు ఇచ్చి, '>' పెట్టి పట్టీని ఇంకో ఫైలులోకి పంపితే బాగానే నడుస్తోంది. అదే కమాండును పైథాన్‌లో వేరే ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్ రన్‌కి లిస్టుగా ఇస్తే కదలకుండా కూర్చుంటోంది. ఎందుకండీ?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఆ గుర్తులు షెల్ సొత్తండి, అంటే టెర్మినల్‌లో కొట్టిన కమాండును చదివి నడిపే ప్రోగ్రామ్‌ది. టెర్మినల్‌లో వాటిని చూసి ఫైళ్లు తెరిచేది షెల్. లిస్టుగా ఇస్తే మధ్యలో షెల్ ఉండదు, '<' కూడా మామూలు మాటలాగే మీ ప్రోగ్రామ్‌కి చేరుతుంది. దానికి అది అక్కర్లేదు. వదిలేసి, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం చూసినట్టు కీబోర్డు వైపు చూస్తూ ఉంటుంది. ఓ అంకె కొట్టి చూడండి, కదులుతుంది.

లెక్కల ఫైలును చదవడానికి, పట్టీ ఫైలును రాయడానికి ఓపెన్‌తో తెరవండి. మొదటిదాన్ని రన్‌లో ఎస్‌టీడీఇన్‌కి (ప్రోగ్రామ్ చదువుకునే దారి), రెండోదాన్ని ఎస్‌టీడీఅవుట్‌కి (అది రాసే దారి) ఇవ్వండి. లిస్టులో ప్రోగ్రామ్ పేరొక్కటే మిగలాలి. 'డబ్ల్యూ' మోడ్‌లో తెరిస్తే నిన్నటి పట్టీ చెరిగిపోతుంది, కింద చేర్చాలంటే 'ఏ'. కొట్టులో పైథాన్ మరీ పాతదైతే రన్ దొరకదు, అది 2015లో 3.5తో వచ్చింది. అప్పుడు సబ్‌ప్రాసెస్‌లోనే ఉన్న కాల్ వాడండి, ఫైళ్లు ఇచ్చే పద్ధతి అదే.

రన్‌లో షెల్ ట్రూ పెడితే, అంటే మధ్యలో షెల్‌ను పెట్టమంటే, బాణాలు పనిచేస్తాయని ఎవరో ఒకరు చెబుతారు. కమాండును లిస్టుగా కాక ఒకే స్ట్రింగ్‌గా ఇస్తే పనిచేస్తాయి. ఫైలు పేరులో ఖాళీ వచ్చి షెల్ దాన్ని రెండు ముక్కలుగా చదివిన రోజున మాత్రం ఆయ్, తెలుస్తుంది.

మీరు అడగలేదు గానీ, తర్వాత తగిలేది ఇదే. పట్టీ పైన కొట్టు పేరు, తేదీ పైథాన్‌తో రాసి రన్ పిలిస్తే, అవి తీరా ఫైలు అడుగున కనిపిస్తాయి. మీరు రాసింది ఇంకా పైథాన్ బఫర్‌లోనే (ఫైలులోకి పోయేముందు దాచే చోటు) ఉంటుంది, సీ ప్రోగ్రామ్ ఈలోపు నేరుగా ఫైలులో రాసేస్తుంది. రన్‌కి ముందు ఆ ఫైలు మీద ఫ్లష్ పిలిచి బఫర్ ఖాళీ చేయించండి, సరిపోతుంది.

ఎర్రర్ మాటలకు ఎస్‌టీడీఎర్ర్ అని వేరే దారుంది. దాన్నీ పట్టీలోకే మళ్లించవచ్చు గానీ, డబ్బు లెక్క కదా, వేరే ఫైలే ఇవ్వమంటాను. చెక్ ట్రూ కూడా పెట్టండి, ప్రోగ్రామ్ సున్నా (అంతా బాగుందని గుర్తు) కాని కోడ్‌తో ఆగితే పైథాన్ అక్కడే ఎక్సెప్షన్ ఇస్తుంది. పాత ప్రోగ్రాములు కొన్ని తప్పు జరిగినా సున్నాయే ఇస్తాయి కాబట్టి, పట్టీ చివర మొత్తం పడిందో లేదో కూడా పైథాన్‌తోనే చూపించుకోండి.