పంటి నొప్పి: డాక్టర్ చూసేదాకా ఇంట్లో ఏం చేయాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే బాధ, పన్ను నొప్పి పెడుతోంది, అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైముంది, ఈలోపు ఏం చేయాలి అని. అన్నిటికంటే చివర్లో వచ్చిన ప్రశ్నని ముందు పెడుతున్నా, ఎందుకంటే అది ఆగే కేసు కాదు. అడిగినవాళ్ళకి వెంటనే జవాబు పంపించేశాం, మిగతావాళ్ళకి కూడా తెలియాలని ఇక్కడ వేస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి షుగర్ ఉంది. కింది దవడ పన్ను చాలా రోజుల్నుంచి నొప్పి అంటున్నారు. నిన్నట్నుంచి దవడ కింద, గొంతు వైపు గట్టిగా వాచింది, నోరు సరిగ్గా తెరవలేకపోతున్నారు, జ్వరం ఉంది, మింగుతుంటే నొప్పి అంటున్నారు. పళ్ళ డాక్టర్ సోమవారం రమ్మన్నారు. అప్పటిదాకా నొప్పి తగ్గడానికి ఏం చేయొచ్చు?

జవాబు: సోమవారం దాకా ఆగొద్దండీ, ఇప్పుడే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. పళ్ళ క్లినిక్ తెరిచి ఉందా లేదా అని చూడొద్దు, అర్ధరాత్రయినా సరే. పన్ను వేరు దగ్గర మొదలైన ఇన్‌ఫెక్షన్ దవడ కిందకి, నాలుక అడుగుకి పాకితే ఆ వాపు నాలుకని పైకి నెట్టి ఊపిరి తీసుకునే దారినే మూసేస్తుంది. దీన్ని 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టర్ వివరంగా రాశారు, అందుకే ఇప్పటికీ లుడ్విగ్స్ ఆంజైనా అంటారు, పేరులో ఆంజైనా ఉంది కానీ గుండెకి సంబంధం లేదు. ఇందులో పరిస్థితి కొన్ని గంటల్లోనే మారిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో ఇన్‌ఫెక్షన్ త్వరగా పాకుతుంది, పైగా ఆ ఇన్‌ఫెక్షన్ వల్ల షుగర్ కూడా పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

అందరూ గుర్తుపెట్టుకోండి, పంటి నొప్పితో పాటు వాపు కంటి వైపు గానీ మెడ వైపు గానీ పాకుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమై చొంగ కారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, జ్వరం వచ్చి మనిషి నీరసపడిపోతున్నా, ఇంటి వైద్యం టైం అయిపోయినట్టే. ఇంకో విషయం, పన్నులో ఏ తేడా లేకుండా దవడలో నొప్పి వస్తూ దాంతోపాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు, అప్పుడు కూడా పళ్ళ డాక్టర్ కాదు, ఎమర్జెన్సీకే.

ప్రశ్న: నాకు ఎడమవైపు కింద దవడ పన్ను పిప్పి పట్టింది. పగలంతా ఎలాగో నెట్టుకొస్తున్నా కానీ రాత్రి పడుకోగానే సలుపు మొదలై చెవి, కణత దాకా లాగేస్తోంది, నిద్ర లేదు. వేడి తగిలితే ప్రాణం పోతోంది, చల్లటి నీళ్ళు పుక్కిట పట్టుకుంటే కాసేపు హాయి. డాక్టర్ రూట్ కెనాల్ చేయాలన్నారు, వచ్చే గురువారం డేట్ ఇచ్చారు. నొప్పి బిళ్ళ ఏది వేసుకోవాలి, లవంగ నూనె మంచిదా, బుగ్గకి వేడి కాపడం పెట్టమంటున్నారు ఇంట్లో, పెట్టొచ్చా?

జవాబు: ముందు రాత్రి సంగతి చెప్తానమ్మా. పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఉంటుంది, మనం మామూలుగా నరం అనేస్తాం. ఒంట్లో ఇంకెక్కడైనా వాస్తే చర్మం సాగి చోటిస్తుంది, పన్ను లోపల చుట్టూ గట్టి గోడలే, సాగే చోటే లేదు, అందుకే వాపు వల్ల పుట్టే ఒత్తిడంతా నరం మీదే పడి గుండె కొట్టుకున్నట్టు సలుపుతుంది. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువ చేరి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కాబట్టి రెండు మూడు దిండ్లు వేసుకుని తల, భుజాలు బాగా ఎత్తులో పెట్టుకుని పడుకోండి, లేదా వెనక్కి వాలే కుర్చీలో పడుకోండి. చిన్న మార్పే గానీ చాలామందికి నిద్ర పట్టేది దీంతోనే.

ఇక బిళ్ళలు. పంటి నొప్పికి ఇంట్లో దొరికే వాటిలో బాగా పనిచేసేది ఐబుప్రోఫెన్, దాంతో కలిపి పారాసెటమాల్. ఇవి రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి వేసుకోవచ్చు, కలిపితే ఒక్కోటి విడిగా వేసుకున్నదానికంటే ఎక్కువ ఉపశమనం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్నాక, మళ్ళీ వేసుకోవాలంటే కనీసం ఆరు గంటల గ్యాప్ ఇచ్చి. డాక్టర్ చెప్పకుండా సొంతంగా వేసుకునేటప్పుడు రోజంతా కలిపి ఐబుప్రోఫెన్ 1200 దాటకూడదు, పారాసెటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ 4000 దాటకూడదు, బరువు తక్కువ ఉన్నవాళ్ళు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళు అంత దాకా కూడా వెళ్ళకూడదు, అడిగి వేసుకోవాలి. జలుబు బిళ్ళల్లో, ఒళ్ళు నొప్పుల బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, నొప్పిలో చూసుకోకుండా రెండు మూడు రకాలు కలిపి మింగేస్తే లివర్ దెబ్బతింటుంది, అది పైకి వెంటనే తెలియదు కూడా. అందుకే ఏ బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకోండి, మూడు రోజులు నిద్ర లేని మనిషికి లెక్క గుర్తుండదు, పైగా ఆ కాగితం డాక్టర్‌కి కూడా పనికొస్తుంది.

కడుపులో అల్సర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, ఇలాంటి నొప్పి బిళ్ళలతో ఉబ్బసం వచ్చేవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు ఐబుప్రోఫెన్ జోలికి వెళ్ళకుండా తమ డాక్టర్‌ని అడగాలి. మీరు ఇందులో ఏదీ రాయలేదు, ఉంటే మాత్రం పారాసెటమాల్‌తోనే ఆగండి. నొప్పి భరించలేని స్థాయికి వచ్చేదాకా ఆగి వేసుకోవడం కంటే, ఈ నాలుగు రోజులూ టైం ప్రకారం వేసుకోవడమే మేలు, ముఖ్యంగా పడుకోవడానికి అరగంట ముందు ఒక డోసు పడేలా చూసుకోండి.

వేడి కాపడం వద్దు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే వేడికి అక్కడికి రక్తం ఎక్కువ చేరి వాపు పెరగొచ్చు. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గ మీద బయటి నుంచి 15, 20 నిమిషాలు పెట్టి తీసేయండి, కాసేపాగి మళ్ళీ పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో అర టీస్పూన్ ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయండి, ఇరుక్కున్న తిండి బయటికి వస్తుంది, చిగురు కాస్త సర్దుకుంటుంది, అయితే మీకు వేడి పడట్లేదు కాబట్టి నీళ్ళు గది వేడిలోనే ఉండనివ్వండి. పళ్ళ మధ్య ఏదైనా ఇరుక్కుంటే దారంతో మెల్లగా తీయండి, పిన్నీసుతో మాత్రం కెలకొద్దు. బ్రష్ మానేయొద్దు, నొప్పి ఉన్న పన్ను కదా అని వదిలేస్తే అక్కడ పాచి చేరి ఇంకా పాడవుతుంది, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోమండి.

లవంగ నూనెలో యూజెనాల్ అనే పదార్థం ఉంటుంది, అది నిజంగానే కాసేపు మొద్దుబారేలా చేస్తుంది, పళ్ళ డాక్టర్లు వాడే కొన్ని తాత్కాలిక ఫిల్లింగుల్లో కూడా ఇదే ఉంటుంది. కానీ నేరుగా సీసాలోంచి పోసుకోకండి, చిగురు, బుగ్గ లోపల బొబ్బలెక్కుతాయి. చిన్న దూది ముక్కకి ఒక్క చుక్క అంటించి, అది కూడా కాస్త వంట నూనెలో కలిపి, పిప్పి ఉన్న చోట మాత్రమే కొన్ని నిమిషాలు తగలనిచ్చి తీసేయండి, మింగొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పాలి. వేడికి నొప్పి ఎక్కువై చల్లటికి తగ్గుతోంది అన్నారు చూడండి, అది నరం బాగా దెబ్బతిందని చెప్పే గుర్తు. చల్లటిది తాగితే ఒక్క క్షణం జివ్వుమని పోయే నొప్పి వేరు, అది ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. మీ పన్ను ఆ దశ దాటింది. కాబట్టి క్లినిక్‌కి ఫోన్ చేసి నొప్పిగా ఉంది అని ఊరుకోకుండా, రాత్రి నిద్ర లేదు, వేడికి ఎక్కువవుతోంది, ఇన్ని బిళ్ళలు వేసుకుంటున్నా, ఎవరైనా రాకపోతే ఆ టైం నాకు ఇవ్వండి అని అడగండి. ఫోన్ ఎత్తినవాళ్ళకి మీ నొప్పి కనబడదు కదా, చెప్తేనే తెలుస్తుంది. రూట్ కెనాల్ మొత్తం అవ్వకపోయినా పన్ను తెరిచి ఆ ఒత్తిడి తీసేస్తే చాలు, సగం బాధ అక్కడే పోతుంది.

ప్రశ్న: నొప్పి తగ్గుతుందని ఆస్పిరిన్ బిళ్ళ పన్ను పక్కనే చిగురు మీద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున చూస్తే అక్కడ తెల్లగా పొరలా వచ్చి మండుతోంది.

జవాబు: ఆస్పిరిన్ యాసిడ్, అది చిగురుని కాల్చేసింది. బిళ్ళ మింగితేనే పని చేస్తుంది, పన్ను పక్కన పెడితే పుండే మిగులుతుంది. ఉప్పు నీళ్ళతో పుక్కిలిస్తూ ఉండండి, కారం, పులుపు తగలనివ్వకండి, మామూలుగా వారం పది రోజుల్లో మానుతుంది, మానకపోతే చూపించండి. ఆల్కహాల్ పుక్కిట పట్టడం గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు, అదీ అంతే, మంటే తప్ప లాభం లేదు.

ప్రశ్న: పంటి నొప్పికి ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ నాలుగు బిళ్ళలు వేసుకున్నా. మూడో రోజుకి నొప్పి పూర్తిగా పోయింది. ఇక అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోకండి, దయచేసి. నరం బతికి ఉండి వాచినప్పుడు వచ్చే నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు, అది నొప్పి బిళ్ళ కాదు. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇదే చెప్తోంది, జ్వరం, పాకుతున్న వాపు లాంటివి లేని పంటి నొప్పికి చాలావరకు యాంటీబయాటిక్ అవసరం లేదు, అసలు పన్నుకి వైద్యం చేయాలని. మరి నొప్పి ఎందుకు పోయింది అంటే, ఎక్కువసార్లు జరిగేది నరం చచ్చిపోవడం. చచ్చిన నరానికి నొప్పి తెలియదు, కానీ లోపల బాక్టీరియా అలాగే ఉండి నెమ్మదిగా వేరు చివరికి దిగి ఎముకలో చీము చేరుస్తుంది, కొన్ని వారాలకో నెలలకో కొరికితే నొప్పి, చిగురు మీద చిన్న పొక్కు, ఆ తర్వాత వాపు. అప్పుడు వెళ్తే ఇప్పుడు నిలబెట్టగలిగే పన్నుని కూడా పీకేయాల్సి రావొచ్చు. ఆ పొక్కు వస్తే గిల్లొద్దు, అందులోంచి చీము కారిపోయి హాయిగా అనిపించినా మూలం అక్కడే ఉంటుంది. సగం కోర్సు మందులు ఇంట్లో దాచుకోవడం, వాటిని ఇలా వాడడం వల్ల రేపు నిజంగా అవసరమైనప్పుడు అవి పనిచేయకపోవచ్చు, ఈ మాట ఎన్నిసార్లు రాసినా రాస్తూనే ఉంటాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. పాల పన్ను పుచ్చిపోయి ఏడుస్తున్నాడు. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, అంతదాకా మొద్దుబారే జెల్ రాస్తే సరిపోతుందా?

జవాబు: దవడ పాల పళ్ళలో కొన్ని పదకొండు పన్నెండేళ్ళ దాకా ఉంటాయమ్మా, అన్నేళ్ళు ఆ పిల్లాడు నొప్పితో ఉండలేడు, పైగా దాని వేళ్ళ కిందే అసలు పన్ను తయారవుతూ ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ దానికి కూడా తగలొచ్చు. నొప్పికి పారాసెటమాల్ సిరప్ ఇవ్వండి, చెంచా లెక్క కాదు, బరువు ప్రకారం సీసా మీద ఉన్న డోసు, దాంతో వచ్చిన కొలత కప్పుతోనే. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు, రేయ్స్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది, అరుదే కానీ ఆ రిస్క్ మనకెందుకు. బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్న జెల్స్ వల్ల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోయే ప్రమాదం ఉందని, రెండేళ్ళ లోపు పిల్లలకి అసలు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, మీ బాబు పెద్దవాడే అయినా డాక్టర్ చెప్పకుండా రాయకండి. లవంగ నూనె కూడా పిల్లలకి వద్దు, మింగేస్తారు. ఈ వారంలోనే చూపించండి, ముఖం వాస్తే అదే రోజు.

ప్రశ్న: నాకు ఏడో నెల. జ్ఞానదంతం దగ్గర చిగురు వాచి నొప్పి. కాన్పు అయ్యేదాకా ఓర్చుకోమంటున్నారు అందరూ.

జవాబు: ఓర్చుకోనక్కర్లేదు తల్లీ. గర్భంతో ఉన్నప్పుడు అవసరమైన పళ్ళ వైద్యం చేయించుకోవచ్చు, స్థానికంగా ఇచ్చే మత్తు ఇంజెక్షన్, సరైన జాగ్రత్తతో తీసే పంటి ఎక్స్‌రే కూడా చేస్తారు. వదిలేసిన ఇన్‌ఫెక్షనే మీకు, బిడ్డకు ఎక్కువ హాని. మీరు ఐబుప్రోఫెన్ వేసుకోకండి, 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గొచ్చు. మీ గైనకాలజిస్ట్‌ని అడిగి పారాసెటమాల్ వాడండి. జ్ఞానదంతం సగం పైకొచ్చి ఆగినప్పుడు దాని మీది చిగురు మడత కింద తిండి ఇరుక్కుని వాస్తుంది, తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్ళతో ఆ వైపు బాగా పుక్కిలించి, చిన్న తల ఉన్న బ్రష్‌తో అక్కడ మెల్లగా శుభ్రం చేసుకోండి. పళ్ళ డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు మొదటి మాటే ఏడో నెల అని చెప్పండి, కుర్చీలో పూర్తిగా వెల్లకిలా కాకుండా కొంచెం ఎడమ పక్కకి ఒత్తిగిలి కూర్చోబెట్టమని కూడా అడగండి.