రిక్రూటర్‌కు పంపే మొదటి సందేశంలో ఏమి ఉండాలి?

రిక్రూటర్లకు ఎన్ని సందేశాలు పెట్టినా జవాబు రావడం లేదని, వారిని ఎలా సంప్రదించాలని అడిగారు. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ తరఫున కొన్నేళ్లు ఐటీ కంపెనీలకు అభ్యర్థులను వెతికిపెట్టాను కనుక, అవతలి వైపు నుంచి కనిపించినది చెబుతాను.

కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది కంపెనీ. చేరిన అభ్యర్థి వార్షిక వేతనంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత మొత్తాన్ని ఫీజుగా తీసుకోవడం మన దేశంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కాబట్టి రిక్రూటర్ దృష్టి ఎప్పుడూ తన చేతిలో ఉన్న ఖాళీ మీదే ఉంటుంది. "హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్?" అని వచ్చినప్పుడు, పంపినవారు డెవలపరో టెస్టరో ఆరా తీసే తీరిక నిజంగానే ఉండేది కాదు.

మేము రెజ్యూమెతో పాటు కంపెనీకి ఒక ఎక్సెల్ షీటు పంపేవాళ్లం. మొత్తం అనుభవం, అడిగిన టెక్నాలజీలో అనుభవం, ప్రస్తుత సీటీసీ (కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే మొత్తం ఖర్చు), ఆశిస్తున్న సీటీసీ, నోటీసు పీరియడ్ (రాజీనామా చేశాక ఇంకా పనిచేయాల్సిన గడువు), ఉంటున్న ఊరు, ఇవీ అందులోని గడులు. ఆ గడులు నిండేలా రాసినవారికి ముందుగా ఫోన్ చేసేవాళ్లం. "మీరు పెట్టిన జావా ఉద్యోగం గురించి రాస్తున్నాను. నాలుగేళ్ల అనుభవంలో మూడేళ్లు స్ప్రింగ్ బూట్ మీద పనిచేశాను. 90 రోజుల నోటీసులో నెల గడిచింది. గచ్చిబౌలి ఆఫీసుకు రాగలను" అని రాసి, జీతం వివరాలు జోడించి, రెజ్యూమె జతచేస్తే చాలు. జీతం పెంచి చెప్పవద్దు. తరువాత పే స్లిప్పులు, జీతం మీద కోసిన పన్ను చూపే ఫారం 16 అడుగుతారు.

ఇక చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు, ఏ కంపెనీకి పంపుతున్నారో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి, దాన్ని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. నేను పంపిన ఒక టెస్టర్ రెజ్యూమె అదే ఖాళీకి మరో కన్సల్టెన్సీ నుంచి కూడా వెళ్లింది. ఫీజు ఎవరికి చెందుతుందన్న పేచీ తేల్చే ఓపిక లేక ఆ కంపెనీ అతని ఇంటర్వ్యూనే రద్దు చేసింది.

వారం దాటాక ఒకసారి గుర్తు చేయడంలో తప్పు లేదు, రోజూ ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడం మానేస్తారు. రిజిస్ట్రేషన్ అనో, బ్యాక్‌డోర్ (దొడ్డిదారి ఉద్యోగం) అనో డబ్బు అడిగేవారితో మాట అక్కడితో ఆపేయండి. మీరు ఫ్రెషర్ అయితే కన్సల్టెన్సీల కంటే ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌లకు (కాలేజీ బయట కంపెనీలు జరిపే నియామకాలకు), కంపెనీలో పనిచేస్తున్న సీనియర్ల రిఫరల్స్‌కే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే అనుభవం లేనివారి కోసం ఫీజు చెల్లించడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు.