స్లైడర్ కదులుతోంది, షాట్ కదలట్లేదు

మోటార్ స్లైడర్ల మీద, అంటే కెమెరాని పట్టా మీద మోటారుతో పక్కకి జరిపే పరికరాల మీద, ఉత్తరాలు బాగా పోగుపడ్డాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. లైటింగ్ ప్రశ్నలు పంపినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, కొయ్యపని చేసేవాళ్ల మీద చిన్న చిన్న వీడియోలు తీస్తుంటాను. ఈమధ్యే 80 సెంటీమీటర్ల మోటార్ స్లైడర్ కొన్నాను. యాప్‌లో మొదలు, చివర పెట్టి నొక్కితే కెమెరా బుద్ధిగా వెళ్లి వస్తోంది. తీరా వీడియో చూస్తే కదిలినట్టే అనిపించదు. స్పీడు పెంచితే అదురుతున్నట్టు ఉంటోంది. నాసిరకం స్లైడర్ కొన్నానంటారా?

స్లైడర్‌ని అనుమానించకండి. మీరు పంపిన క్లిప్పు చూశాను, కెమెరా సాఫీగానే వెళ్తోంది. కాకపోతే లెన్సుకీ కొయ్యపని చేసే బల్లకీ మధ్య ఏమీ లేదు. బల్ల ఎక్కడో దూరంగా ఉంది, దాన్ని ఆనుకునే గోడ. ఇక కెమెరా ఎంత కదిలితే మాత్రం ఏం కనపడుతుంది?

కెమెరా పక్కకి జరిగినప్పుడు దగ్గరి వస్తువు ఫ్రేములో ఎక్కువ జరుగుతుంది, దూరపు వస్తువు తక్కువ జరుగుతుంది. లెన్సుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది, 3 మీటర్ల దూరంలో ఉన్నదానికంటే పది రెట్లు జరుగుతుంది. ఆ తేడాని చూసే మన కన్ను కదలికని పట్టుకుంటుంది. అంతా ఒకే దూరంలో ఉంటే తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఒక ఫోటో తీసుకుని ఎడిటింగ్‌లో పక్కకి జరిపినా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆ మాత్రానికి ఇంత బరువు మోసుకెళ్లడం దేనికి?

మీ క్లిప్పులో బల్ల చివర ఉలులు నిలబెట్టిన డబ్బా ఒకటి ఉంది కదా, దాన్ని తెచ్చి లెన్సుకి జానెడున్నర దూరంలో స్టూలు మీద పెట్టండి. ఫోకస్ మాత్రం పనిచేసేవాళ్ల చేతుల మీదే ఉంచండి. ఇప్పుడు కెమెరాని ఎడమ నుంచి కుడికి పంపండి. ఉలి పిడులు ఫ్రేము కుడి అంచులోంచి మసగ్గా వస్తాయి, ఒక్క క్షణం చేతుల్ని కప్పేస్తాయి, ఎడమ అంచులోంచి జారుకుంటాయి. వాటి చాటు నుంచి ఆ చేతులు, ఉలి ముందు చుట్టలు చుట్టుకుంటూ లేచే చెక్క పొట్టు బయటపడతాయి. అదే స్లైడర్, అదే స్పీడు. యాప్‌లో మీరు మార్చాల్సింది ఏమీ లేదు.

నేనైతే షాట్ ఎక్కడ ఆగాలో ముందు చూసుకుంటాను. ఆ ఫ్రేము నచ్చాకే కెమెరాని వెనక్కి జరుపుతూ మొదలు ఎక్కడో వెతుకుతాను. చాలామంది మొదలు అందంగా పెట్టుకుని, చివరికి స్విచ్‌బోర్డు మీదో, ఎవరి మోచేతి మీదో ఆగుతారు.

అదురు సంగతి. సెకనుకి 24, 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక వస్తువు ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లడానికి కనీసం ఏడు సెకన్లు పట్టాలని కెమెరా పనిలో ఉన్నవాళ్లు ఒక లెక్క పెట్టుకుంటారు. అంతకంటే వేగంగా పోతే తెర మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఈ లెక్క చూసేవాళ్ల కన్ను నిలిచే వస్తువుకే. ముందు మసగ్గా పోయే డబ్బా త్వరగా పోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. షట్టర్ స్పీడు, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం, కూడా చూసుకోండి. 25 ఫ్రేములకి 1/50 సెకను ఉండాలి. వెలుతురు ఎక్కువైందని కెమెరా దాన్ని 1/500 చేసేస్తే ప్రతి ఫ్రేమూ మరీ పదునుగా పడి ఒకదానికొకటి అతకదు. వెలుతురు తగ్గించడానికి లెన్సు ముందు నల్లటి అద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి, షట్టర్ జోలికి వెళ్లకండి.

ఇంకొకటి. యాప్‌లో ర్యాంప్ అనో ఈజ్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని సున్నాలో వదిలేస్తే బండి ఒక్క ఊపున బయల్దేరి ఒక్క ఊపున ఆగుతుంది, ఆగిన చోట కెమెరా తల ఊపుతుంది. మెల్లగా ఎత్తుకుని మెల్లగా ఆగేలా పెట్టండి.

ప్రశ్న: ఇంటర్వ్యూలో రెండో కెమెరాని మోటార్ స్లైడర్ మీద పెడదామనుకుంటున్నాను. మోటార్ శబ్దం మైకులో పడుతుందని టెన్షన్. ఏం చేయాలి?

మైకు కెమెరా మీద ఉంటే పడుతుంది. గాలిలోంచి వచ్చేది తక్కువే, క్యారేజ్ (కెమెరా కూర్చునే బండి) లోంచి కెమెరా బాడీకి పాకే సన్నటి కీచు ఎక్కువ. మాట్లాడేవాళ్ల కాలరుకి మైకు పెట్టి విడిగా రికార్డు చేయండి. అప్పటికీ వినిపిస్తుంటే స్పీడు కొంచెం మార్చి చూడండి. చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటార్లకి కొన్ని స్పీడుల దగ్గర కూత ఎక్కువ, కాస్త పైకో కిందికో జరిపితే తగ్గిపోతుంది.

శబ్దం కంటే నాకు భయం మాట్లాడేవాళ్ల చూపు. పక్కన ఏదో పాకుతుంటే ఎంతటివాళ్లకైనా కళ్లు అటే పోతాయి. షూట్ మొదలుపెట్టే ముందు స్లైడర్‌ని ఒకసారి వాళ్ల ముందే అటూ ఇటూ తిప్పి చూపించండి. "ఇది ఇలాగే తిరుగుతుంటుందండీ, మీరు నన్నే చూస్తూ మాట్లాడండి" అనండి. తర్వాత ఎవరూ పట్టించుకోరు.

అటూ ఇటూ ఆగకుండా తిరిగే మోడ్ పెట్టేవాళ్లు స్పీడు బాగా తగ్గించండి. సెకనుకి ఒక సెంటీమీటర్ వెళ్లినా 60 సెంటీమీటర్ల పట్టా మీద ఒక నిమిషం వస్తుంది. ఒక జవాబు అందులో ఇమిడిపోతుంది. బండి దిశ మార్చుకునే క్షణం మంచి మాట మధ్యలో పడిందంటే, ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

ప్రశ్న: స్లైడర్‌ని ఒకే ట్రైపాడ్ మీద బిగిస్తాను. మధ్యలో అంతా బాగానే ఉంటుంది, చివరికి వెళ్లేసరికి ఫ్రేము వంగిపోతోంది. లెవెల్ చూసే పెడుతున్నానండీ.

కెమెరా మధ్యలో ఉన్నప్పుడు చూసి ఉంటారు. మధ్యలో తక్కెడ కూడా సమానంగానే ఉంటుంది. కెమెరా చివరికి చేరాక ఆ బరువంతా ఒక పక్కకి వచ్చి ట్రైపాడ్ హెడ్‌ని మెలిపెడుతుంది. పొడవైన పట్టా అయితే పట్టా కూడా కాస్త ఒంగుతుంది. రెండు చివర్లా రెండు ట్రైపాడ్లు పెట్టుకోండి. రెండోది లేకపోతే వంగే వైపు చివర కింద లైట్ స్టాండు నిలబెట్టి ఆనించండి. నేల చదునుగా ఉంటే స్లైడర్‌కి ఉన్న సొంత కాళ్లే అన్నిటికంటే నయం. లెవెల్ మాత్రం కెమెరాని రెండు చివర్లకీ తీసుకెళ్లి చూడాలి.

ప్రశ్న: స్లైడర్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంచవచ్చా?

ఆపేయండి. మీరు కావాలని చేసిన కదలికని అది చేతి వణుకనుకుని సరిదిద్దబోతుంది. షాట్ ఆగాక కూడా ఫ్రేము ఇంకాస్త జారితే అది దాని పనే.

ప్రశ్న: మబ్బుల టైమ్‌లాప్స్‌ని స్లైడర్ మీద తీయాలనుంది. ఎంత స్పీడు పెట్టాలి?

టైమ్‌లాప్స్ అంటే ఉండుండి తీసిన ఫోటోలని కలిపి వీడియో చేయడమే. కాబట్టి స్పీడుతో మొదలుపెట్టకండి, చివర మీకు ఎన్ని సెకన్ల వీడియో కావాలో అక్కడ మొదలుపెట్టండి. 10 సెకన్లు కావాలంటే, 25 ఫ్రేముల లెక్కన 250 ఫోటోలు. 5 సెకన్లకి ఒకటి తీస్తే 1250 సెకన్లు, అంటే 21 నిమిషాలకి కాస్త తక్కువ. 80 సెంటీమీటర్ల పట్టా అయితే ఫోటోకీ ఫోటోకీ మధ్య బండి జరిగేది 3.2 మిల్లీమీటర్లు. అంకెలు యాప్‌లో వేస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

జరగడం, ఆగడం, ఫోటో, మళ్లీ జరగడం అనే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి. ఆగకుండా జరుగుతూ ఉంటే సాయంత్రం షట్టర్ ఒక సెకను తెరిచి ఉన్నప్పుడు దగ్గరి కొమ్మలన్నీ అలుక్కుపోతాయి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టండి. మబ్బులకి కూడా ముందు ఒక రాయో కొమ్మో ఉండాలి, మొదటి జవాబులో చెప్పిన కారణానికే. మరో మాట: స్టెప్పర్ మోటార్ కదలకుండా నిలబడి ఉన్నప్పుడూ పట్టు కోసం కరెంటు తాగుతూనే ఉంటుంది. కాబట్టి "ఎక్కువసేపు ఆగే ఉంటుంది కదా" అని సగం బ్యాటరీతో వెళ్లకండి.

ప్రశ్న: స్లైడర్‌ని ఏటవాలుగా పెట్టి కెమెరా కింద నుంచి పైకి వెళ్లేలా తీయవచ్చా? బాక్సు మీద రాసిన బరువు కంటే నా కెమెరా తేలికే.

ఆ బరువు ఏ పొజిషన్‌కి రాశారో చూడండి. సాధారణంగా అడ్డంగా పెట్టినప్పటి అంకె పెద్దది, ఏటవాలుకీ నిలువుకీ చెప్పేది అందులో చాలా తక్కువ. అడ్డంగా ఉంటే బరువంతా పట్టా మోస్తుంది, వాలుగా పెడితే అందులో కొంత మోటారూ బెల్టూ లాగాలి. లెన్సు, మానిటర్, బ్యాటరీ అన్నీ కలిపి తూచండి. మానిటర్ కేబుల్ ఎక్కడా పట్టకుండా వదులుగా వేయండి, పైకి ఎక్కేటప్పుడు ఆ చిన్న లాగుడు కూడా తెలుస్తుంది. షాట్ అయ్యాక పవర్ ఆపే ముందు క్యారేజ్‌ని చేత్తో పట్టుకోండి, లేదా లాక్ బిగించండి. బెల్టుతో నడిచే చాలా స్లైడర్లలో పవర్ పోగానే మోటార్ పట్టు వదిలేస్తుంది. పట్టుకోకపోతే కెమెరా సరాసరి కిందికి జారి చివర గుద్దుకుంటుంది.